స్వేచ్ఛా మార్కెట్ ఆఫీసులో పర్మిట్ ఉద్యోగి

2022 చివర్లో బెల్జియంలో ధరలు మండిపోయాయి. అక్టోబరులో ద్రవ్యోల్బణం 12.27 శాతానికి చేరింది. 1975 తర్వాత ఈ దేశం అంత చూడలేదు. సరిగ్గా ఆ నెలల్లోనే, స్వేచ్ఛా మార్కెట్ వైపు నిలబడి ఆర్థిక విధానాల మీద రాసే బ్రస్సెల్స్‌లోని మా ఆఫీసులో ఒక పాలసీ పేపర్ తయారవుతోంది. ధరలతో పాటు జీతాలు వాటంతటవే పెరిగే పద్ధతిని బెల్జియం ఎత్తేయాలన్నది దాని సారాంశం. మన దగ్గర ప్రభుత్వోద్యోగులకు డీఏ పెరిగినట్టు ఇక్కడ ప్రైవేటు ఉద్యోగులకూ జీతం పెరుగుతుంది. యజమాని దయ అక్కర్లేదు, అడగక్కర్లేదు. దానివల్ల బెల్జియం సరుకు పక్క దేశాల సరుకు కన్నా ఖరీదవుతుందని మా వాదన. జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్‌ల కన్నా ఇక్కడి జీతాల ఖర్చు ఎంత ముందుకు పోతోందో చూపించే గ్రాఫ్ గీసింది నేనే.

జనవరి 2023 జీతం స్లిప్పులు వచ్చాయి. ఇక్కడ జీతాల సంగతి తేల్చడానికి ఒక్కో రంగానికి ఒక్కో కమిటీ, ఒక్కో నంబరు. ఆఫీసు ఉద్యోగుల్లో చాలామంది 200 నంబరు కమిటీ కింద ఉంటారు, మేమూ అందులోనే. ఆ ఏడాది ఆ కమిటీ పెంపు 11.08 శాతం. కాఫీ మెషిన్ దగ్గర ఎవరూ ఆ ఊసెత్తలేదు. చివరికి మా డైరెక్టరే, స్వీడన్ మనిషి, "పాలసీ చెడ్డదే, నెల మాత్రం మంచిది" అనేసి లోపలికి వెళ్ళిపోయాడు.

నా సంగతి ఇంకాస్త ఉంది. యూరోపియన్ యూనియన్ (ఈయూ) బయటి నుంచి వచ్చి నిపుణుల కోటాలో పనిచేసేవాళ్ళ పర్మిట్ నిలవాలంటే జీతం ప్రభుత్వం పెట్టిన గీత పైన ఉండాలి. ఆ గీత ఏటా పైకి జరుగుతుంది. నాలాంటి జూనియర్ల జీతం ఎప్పుడూ ఆ గీతకు జానెడు పైనే ఉంటుంది. నా ఒక్కడి జీతం పెంచాలా వద్దా అని మా వాళ్ళు మీటింగు పెట్టుకునే అవసరం లేకుండా దేశమే పెంచేసింది. మా పేపర్ మార్చిలో వచ్చింది. నా గ్రాఫ్ రెండో పేజీలో.

మాది భీమవరం పక్కన ఊరు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఎంఏ అయ్యాక, బ్యాంకు లోను పెట్టి బెల్జియంలోని లూవెన్‌లో ఇంకో మాస్టర్స్ చేశాను. బ్రస్సెల్స్ తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఐటీ. ఉగాది కార్యక్రమానికి వెళితే "ఏ క్లయింట్ దగ్గర?" అన్నదే మొదటి ప్రశ్న. యూరప్ ఆర్థిక విధానాల మీద పేపర్లు రాసే సంస్థ అంటే, "ఎవరికి రాస్తారు? చదివి ఏం చేస్తారు?" అంటారు. ఆ రెండో ప్రశ్నకు మా ఆఫీసులోనూ గట్టి జవాబు లేదు.

పని జరిగే చోటు చిన్నదే. షూమన్ చౌరస్తాలో ఈయూ కమిషన్ భవనం, లక్సెంబర్గ్ స్టేషన్ నెత్తిన ఈయూ పార్లమెంటు, వాటి మధ్య ఇరవై నిమిషాల నడక. ఆ నడకలోనే లాబీ కంపెనీలు, సంఘాలు, రాయబార కార్యాలయాలు, మాలాంటి సంస్థలు. పెద్దవాటిలో 1983 నాటి సెప్స్, 2005లో వచ్చిన బ్రూగెల్ ఉన్నాయి. స్వేచ్ఛా వాణిజ్యం వైపు నిలబడే ఎసిపె 2006లో మొదలైంది. మాది ఈ వరసలో బాగా చివర. మెట్లెక్కి పోవాలి, లిఫ్టు లేదు. కంపెనీల చందాలు, ఒకటి రెండు ఫౌండేషన్ల గ్రాంట్లు మా ఆదాయం. వాటి పేర్లు ఈయూ పారదర్శకత రిజిస్టర్‌లో ఉంటాయి, ఎవరైనా చూసుకోవచ్చు. విలేకరులు చూస్తారు కూడా. ఏ పేపర్ విడుదల చేసినా మొదటి ప్రశ్న "మీకు డబ్బెవరిస్తారు?" అనే. అడగాల్సిన ప్రశ్నే.

ఈ రకం సంస్థలకు పెద్దన్న లండన్‌లోని ఐఈఏ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ అఫైర్స్). 1955లో దాన్ని పెట్టిన ఆంటొనీ ఫిషర్ కథ మా డైరెక్టర్ ప్రతి కొత్త ఇంటర్న్‌కీ చెబుతాడు. ఫిషర్ రాజకీయాల్లోకి వెళ్దామనుకుంటే, ఓట్లు అడగడం కన్నా ఆలోచనలు మార్చే సంస్థ పెట్టడం మేలని ఆర్థికవేత్త హయెక్ సలహా ఇచ్చాడట. పెట్టడానికి డబ్బు? ఫిషర్ పెద్ద ఎత్తున బ్రాయిలర్ కోళ్ళు పెంచాడు. బక్స్‌టెడ్ చికెన్ అని ఇంగ్లండ్‌లో పేరున్న కంపెనీ. అది విన్నప్పుడు నాకు తణుకు, అనపర్తి కోళ్ళఫారాలు గుర్తొచ్చాయి. మనవాళ్ళు ఆ లాభాలతో సినిమాలు తీశారు, ఎన్నికల్లో నిలబడ్డారు. ఆర్థిక సిద్ధాంతాల సంస్థ పెట్టిన కోళ్ళ రైతు మన వైపు ఉన్నట్టు నేను వినలేదు.

రోజువారీ పని మాత్రం ఈయూ గణాంక సంస్థ యూరోస్టాట్ నుంచి లెక్కలు దించుకోవడం, ఎక్సెల్‌లో శుభ్రం చేయడం, గ్రాఫ్ గీయడం, పన్నెండు పేజీల్లోకి కుదించడం. పేపర్ ఏ వైపు తేలుతుందో మొదలుపెట్టక ముందే అందరికీ తెలుసు. అలాగని అబద్ధం రాయరు. ఒక్క అంకె తేడా వస్తే మా డైరెక్టర్ పరువు పోయినట్టు బాధపడతాడు. ఏ నిజం మొదటి పేజీలో ఉండాలి, ఏది ఫుట్‌నోట్‌లోకి పోవాలి అన్న దగ్గరే వాదనలన్నీ.

నమ్మకాలు మాత్రం మనిషికో రకం. నా పక్క సీటు లిథువేనియా కుర్రాడు. వాళ్ళ దేశం 1990లో సోవియట్ నుంచి విడిపోతున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది అక్కడ స్వేచ్ఛా మార్కెట్ పేరుతోనే ఒక సంస్థ పుట్టింది. వాళ్ళ అమ్మమ్మ సాసేజీ కోసం లైన్లో నిలబడ్డ కథలు అతనికి నోటికొచ్చు. మార్కెట్ అంటే అతనికి ఇంట్లో విన్న మాట. ఇంకొకతను ఆంట్‌వర్ప్ నుంచి రోజూ రైల్లో వస్తాడు. అతని కోపమంతా పన్ను మీద. అందులో తప్పు పట్టేదేం లేదు, సగటు జీతమొచ్చే ఒంటరి ఉద్యోగి మీద యజమాని పెట్టే ఖర్చులో పన్నులు, బీమా కలిపి దాదాపు 53 శాతం పోతుంది. ఎక్కువగా సంపన్న దేశాలుండే ఓఈసీడీ కూటమిలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ. ఆ పన్ను తప్పించడానికే ఇక్కడ జీతంతో పాటు భోజనం కార్డు ఇస్తారు, అప్పట్లో రోజుకి 8 యూరోల దాకా. ఈ వంకర పద్ధతి పోవాలని మేం రాస్తాం. ఒంటిగంటకి అదే కార్డు పట్టుకుని కింద షాపులో లైన్లో ఉంటాం.

నేను ఎటువైపు అని ఇద్దరూ అడిగేవాళ్ళు. సగం అనేవాణ్ణి. ఆ సగం సంగతి నాకే కాస్త స్పష్టమైంది ట్రాక్టర్లు వచ్చిన రోజున.

2024 ఫిబ్రవరి 1. ఈయూ దేశాధినేతల సమావేశం. ముందురోజు రాత్రి నుంచే ట్రాక్టర్లు ఊళ్ళోకి దిగాయి. పొద్దునకి వెయ్యికి పైనే. లక్సెంబర్గ్ చౌరస్తా నిండా టైర్లు తగలబెడుతున్నారు, నల్లటి పొగ, దాని మీదుగా పార్లమెంటు వైపు గుడ్లు విసురుతున్నారు. ఆ చౌరస్తా మధ్యలో జాన్ కాకరిల్ స్మారకం ఉంటుంది. ఇంగ్లండ్ నుంచి వలసొచ్చిన కుటుంబం, సెరెంగ్‌లో ఇనుము, యంత్రాల ఫ్యాక్టరీలు కట్టి బెల్జియంకి పారిశ్రామిక పితామహుడయ్యాడు. ఆ స్మారకం కింది విగ్రహాల్లో ఒకదాన్ని రైతులు పడగొట్టారు. నేను బ్యాడ్జి జేబులో పెట్టుకుని పక్కసందులోంచి ఆఫీసుకి చేరాను. కోటంతా పొగ వాసన.

లోపల డైరెక్టర్ అప్పటికే నోట్‌కి హెడ్డింగు పెట్టేశాడు. ఈయూ వ్యవసాయ విధానం మా సంస్థకు పాత శత్రువు. 1962 నుంచి ఉంది. 2021 నుంచి 2027 వరకు దాని కేటాయింపు 387 బిలియన్ యూరోల దాకా, అంటే మొత్తం ఈయూ బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు. ఒకప్పుడు పంటకు ధర హామీ ఇచ్చి కొనేవాళ్ళు. 1980ల నాటికి గోదాముల్లో వెన్న కొండలుగా పేరుకుపోయింది. తర్వాత పద్ధతి మార్చి హెక్టారుకి ఇంత అని ఇవ్వడం మొదలుపెట్టారు. హెక్టారు లెక్కనగానే ఎక్కువ భూమి ఉన్నవాడికి ఎక్కువ. నేరుగా ఇచ్చే డబ్బులో 80 శాతం 20 శాతం మందికే పోతుందని కమిషన్ లెక్కలే చెబుతాయి. బ్రిటన్ ఈయూలో ఉన్నన్నాళ్ళూ ఎలిజబెత్ రాణి గారి సాండ్రింగ్‌హామ్ ఎస్టేటుకూ ఈ సాయం అందేది.

ఇందులో నాకు కొత్తేం లేదు. అప్పట్లో నా రూమ్మేట్ది నల్గొండ. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకి, సీజనుకి 4 వేలు, తర్వాత 5 వేలు. ఎకరాల మీద పరిమితి లేదు, కౌలు రైతుకి లేదు. వాళ్ళ పొలం చేసేది ఇంకొకతను. డబ్బు మాత్రం వాళ్ళ నాన్న ఖాతాలో పడేది. "నేను ఇక్కడ బీరు తాగుతుంటే కేసీఆర్ నాకు ఎరువులకి డబ్బులేశాడు" అని నవ్వేవాడు. మా వైపు గోదావరి డెల్టాలో సాగులో ఎక్కువ భాగం కౌలే. పొలానికి ఏ సాయం వచ్చినా మరుసటి ఏడాదికి ఆ మేరకు కౌలు బస్తా పెరుగుతుందని మా నాన్న పేపర్లేమీ చదవకుండానే చెబుతాడు. మా నోట్‌లోనూ అదే రాశాం, సమీకరణాలతో.

రాస్తుంటే ఒకటి తగిలింది. బెల్జియంలోనూ సాగు భూమిలో సగానికి పైగా కౌలు భూమే. కానీ ఇక్కడ 1969 నుంచి ఒక కౌలు చట్టం ఉంది. యజమాని ఇష్టమొచ్చినంత అడగడానికి లేదు, రైతుని ఏడాదికోసారి మార్చడానికి లేదు. అందువల్ల ఇలా కౌలుకు పరిమితి ఉన్న దేశాల్లో సబ్సిడీ యజమాని జేబులోకి జారడం తక్కువ, చేసేవాడి దగ్గరే ఎక్కువ మిగులుతుంది. అంటే మేం ఒక చోట తిట్టే నియంత్రణ, మేం తిట్టే ఇంకో జబ్బుని కాస్త అదుపులో పెడుతోంది. ఇది నోట్‌లో ఉండాలన్నాను. లిథువేనియా కుర్రాడు రెండూ ఎత్తేస్తే గొడవే ఉండదన్నాడు. డైరెక్టర్ గడ్డం నిమురుకుని, "నిజమే, కానీ మనం ఇప్పుడు కౌలు చట్టం గురించి రాయట్లేదు" అన్నాడు. రాయలేదు. అయిదు రోజుల తర్వాత, ఫిబ్రవరి 6న, పురుగుమందుల వాడకం సగానికి తగ్గించాలన్న ప్రతిపాదనని వెనక్కి తీసుకుంటున్నట్టు కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లయెన్ ప్రకటించారు. మా పన్నెండు పేజీలు చేయలేనిది వెయ్యి ట్రాక్టర్లు చేశాయి. ఆ మాట నేను అన్నప్పుడు డైరెక్టర్ నవ్వాడు గానీ, సంతోషంగా కాదు.

రొయ్యల పేపర్ సంగతి వేరే. అందులో నేనే రాయాల్సింది ఎక్కువ.

భారత్‌తో వాణిజ్య ఒప్పందం చర్చలు 2007లో మొదలై 2013లో ఆగిపోయి, 2022లో మళ్ళీ పట్టాలెక్కాయి. మా వాళ్ళు సుంకాలు కాకుండా మిగతా అడ్డంకుల మీద రాయాలనుకున్నారు. ఈయూలో ఇలాంటివి చాలా ఉన్నాయి. 2014 మే నుంచి కొన్నాళ్ళు మన మామిడిని, దాంతో పాటు వంకాయ, కాకర, పొట్లకాయ, చేమని ఆపేశారు, పండుఈగ లాంటి పురుగులు దొరికాయని. రొయ్యల విషయంలో 2016లో మన కంటైనర్ల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. చెరువుల్లో పెంచిన రొయ్యలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషిద్ధ యాంటీబయాటిక్ల ఆనవాళ్ళున్నాయని. దేశంలో రొయ్యల సాగులో మొదటి స్థానం ఆంధ్రది. డైరెక్టర్ నా వైపు చూసి, "ఇది నీది" అన్నాడు. శాస్త్రం పేరుతో రక్షణ గోడ కడుతున్నారన్న కథ అతనికి కావాలి. నాకూ అదే నిజమనిపించింది. రాసే ముందు బాబాయికి ఫోన్ చేశాను. ఆయనకి ఉండి అనే ఊరి దగ్గర లీజుకి తీసుకున్న చెరువులున్నాయి, టైగర్ రొయ్య రోజుల నుంచీ ఉన్నాడు, 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక దానికి మారాడు.

"ఏరా, మీ వాళ్ళు మన సరుకు ఆపేస్తారంటగా?"

"ఆపట్లేదు బాబాయ్. రెండు కంటైనర్లకి ఒకటి విప్పి చూస్తున్నారు."

"చూడనీ. ఆ రోజుల్లో మందు పడని చెరువెక్కడుంది? రొయ్య ఎర్రబడి గట్టుకొస్తే షాపోడు ఏ సీసా ఇస్తే ఆ సీసా పోసేసేవాళ్ళం. దానిమీద ఏం రాసుందో వాడూ చదవలా, నేనూ చదవలా."

పెద్ద ఆటంకంగా ఈ తనిఖీని నేను చెప్పబోతుంటే ఆయన ఆగమన్నాడు. "ఇప్పుడు పట్టుబడికి ముందే ప్లాంటోళ్ళు శాంపిల్ అడుగుతున్నారు. శాంపిల్ తేడా వస్తే సరుకెత్తరు. అందుకని సీసాలు మానేశాం. అదీ మంచికే అయింది. కాకపోతే ఒకటి రాయి. అక్కడ కంటైనర్ ఆగితే ఇక్కడ మర్నాడే కౌంట్‌కి రేటు కోస్తారు. ఎవడి కంటైనరో ఆగితే నా రేటెందుక్కొయ్యాలి?"

దీన్ని మించిన విశ్లేషణ ఆ పేపర్లో ఇంకెక్కడా లేదని ఇప్పటికీ అంటాను. రెండు వాక్యాలు రాశాను. తనిఖీల ఖర్చు సరఫరా గొలుసులో చివరి మనిషి, అంటే తప్పు చేయని రైతు మీద కూడా పడుతోందని ఒకటి. అవే తనిఖీల వల్ల చెరువు దగ్గర అలవాట్లు మారాయని రెండోది. డ్రాఫ్ట్ తిరిగొచ్చింది. మొదటి వాక్యం కింద పచ్చ గీత. రెండో దాని పక్కన కామెంట్ పెట్టె: "ఇది మన వాదానికి అవసరమా?" నేను కింద రాశాను: "రైతు వాదం ఇదే." డైరెక్టర్: "ఒక్క రైతు." నేను: "మనం మాట్లాడింది ఆ ఒక్కరితోనే." ఇలా ఆ పెట్టె పేజీ అంచు దాటి కిందికి పాకింది. చివరికి రెండో వాక్యం ఫుట్‌నోట్ అయింది. విడుదల రోజు శాండ్‌విచ్‌ల మీటింగుకి కమిషన్ నుంచి ఒకావిడ వచ్చింది. మొత్తం పేపర్లో ఆవిడ పైకి చదివి వినిపించింది ఆ ఫుట్‌నోట్ ఒక్కటే. డైరెక్టర్ నా వైపు చూడలేదు గానీ, ఆ తర్వాత నా డ్రాఫ్టుల్లో కామెంట్లు తగ్గాయి.

వస్తువుల సంగతి అది. ఇక మనుషులు.

ఈయూ ఉమ్మడి మార్కెట్‌కి నాలుగు స్వేచ్ఛలు పునాది. వస్తువులు, సేవలు, పెట్టుబడి, మనుషులు. మా పేపర్లలో ఈ నాలుగు లేని ముందుమాట ఉండదు. ఆ స్వేచ్ఛ ఇంకా పూర్తి కాలేదని కూడా రాస్తాం. ఐఎంఎఫ్ అంచనాలో ఈయూ దేశాల మధ్య మిగిలిన అడ్డంకులు వస్తువులకైతే 44 శాతం, సేవలకైతే 110 శాతం సుంకంతో సమానం. 2024 సెప్టెంబరు 9న, యూరప్ పోటీ సామర్థ్యం మీద యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు మాజీ అధ్యక్షుడు మారియో ద్రాగీ నివేదిక వచ్చాక ఈ మాటలు అందరి నోటా వినిపించాయి. ఏడాదికి 750 నుంచి 800 బిలియన్ యూరోలు అదనంగా పెట్టుబడి కావాలన్నాడాయన. ఆ వారం మా ఆఫీసులో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. అడ్డంకులు తీయాలన్న పేజీలు మా వాళ్ళు పట్టుకున్నారు, ఉమ్మడి అప్పు చేయాలన్న పేజీలు ఎదుటి వీధి వాళ్ళు పట్టుకున్నారు.

నాలుగో స్వేచ్ఛ నాకు వర్తించదు. లిథువేనియా కుర్రాడికి లక్సెంబర్గ్‌లో ఉద్యోగం వస్తే వచ్చే సోమవారం చేరిపోవచ్చు. పనికీ నివాసానికీ కలిపి ఇచ్చే నా సింగిల్ పర్మిట్ మీద యజమాని పేరు ఉంటుంది. ఉద్యోగం మారితే కొత్త దరఖాస్తు, నెలల తరబడి నిరీక్షణ. పోతే మూడు నెలల్లో ఇంకోటి వెతుక్కోవాలి. అందులో పని అనుమతి తేల్చేది కూడా దేశం కాదు, ప్రాంతం. బ్రస్సెల్స్‌కి వేరు, ఫ్లాండర్స్‌కి వేరు, వాలోనియాకి వేరు. ఇల్లు మారితే మున్సిపాలిటీలో నమోదు చేసుకోవాలి. తర్వాత నువ్వు నిజంగా అక్కడ ఉంటున్నావా అని చూడ్డానికి పోలీసు వస్తాడు. నా దగ్గరికి వచ్చినాయన బెల్లు పక్కన నా ఇంటిపేరు అతికించి ఉందా అని చూశాడు. లోపల ఒక్క మంచం, గోడకి ఆనించిన ప్రెషర్ కుక్కర్ పెట్టె చూసి, ఫ్రెంచ్‌లో ఏదో సరదాగా అని సంతకం పెట్టించుకున్నాడు.

ఇవన్నీ మా వాళ్ళకి తెలుసు, ఒప్పుకుంటారు కూడా. వలస ఆంక్షలు మార్కెట్‌కి విరుద్ధమని లిథువేనియా కుర్రాడు ఎవరితోనైనా గట్టిగా వాదిస్తాడు. కానీ దాని మీద పేపర్ రాద్దామంటే గ్రాంటు ఇచ్చేవాళ్ళు దొరకరు. ఎన్నికల గాలి ఎటు వీస్తోందో డైరెక్టర్‌కి తెలుసు. ఓసారి మధ్యాహ్నం చర్చకి ఆంట్‌వర్ప్ అతను గ్యారీ బెకర్ ఉపన్యాసాన్ని తీసుకొచ్చాడు. 1992లో నోబెల్ అందుకున్న చికాగో ఆర్థికవేత్త. 2010లో లండన్‌లో ఐఈఏ వేదిక మీద ఆయనొక ప్రతిపాదన చేశాడు. కోటాలు, లాటరీలు, పర్మిట్లు అన్నీ తీసేసి, దేశంలోకి వచ్చే హక్కుని ఒక ధరకి అమ్మేయండి. ఉదాహరణకి 50 వేల డాలర్లు. కట్టినవాడు రావచ్చు, నచ్చిన పని చేసుకోవచ్చు. చేతిలో లేనివాడికి అప్పు ఇవ్వొచ్చు, సంపాదించి తీర్చుకుంటాడు.

అందరూ నా మొహం చూశారు. బల్ల చుట్టూ పర్మిట్ మీద ఉన్నది నేనొక్కణ్ణే కదా.

"నువ్వు కట్టేవాడివా?" అన్నాడు డైరెక్టర్.

"అంత డబ్బుంటే మా బాబాయి పక్కన రెండు చెరువులు లీజుకి తీసుకునేవాణ్ణి" అన్నాను.

"అప్పు ఇస్తారు కదా, అదే బెకర్ చెప్పింది."

"అప్పు ఇప్పటికే ఇచ్చారు. మీ యూనివర్సిటీ ఫీజుకి, ఇక్కడి అద్దెకి. మా నాన్న ఇల్లు తనఖా పెట్టాడు."

"వడ్డీ ఎంత?"

"పదకొండు శాతం."

కొన్నేళ్ళ పాటు సున్నా కన్నా తక్కువ రేట్లు చూసిన స్వీడన్ మనిషి. నేను తప్పుగా విన్నాననుకుని రెండోసారి అడిగాడు. చక్రవడ్డీనా, మామూలుదా, కోర్సు నడుస్తున్నప్పుడు కూడా పడుతుందా, తనఖా ఉన్నా అంత ఎందుకు అని ఒకదాని తర్వాత ఒకటి. శాండ్‌విచ్‌లు అయిపోయాయి, బెకర్ పక్కకి పోయాడు. మర్నాడు పొద్దున నా ఇన్‌బాక్స్‌లో డైరెక్టర్ మెయిల్ ఉంది: భారతదేశంలో విద్యా రుణాల మార్కెట్ మీద నాలుగు పేజీల నోట్ కావాలట, శుక్రవారం లోపు, గ్రాఫులతో.